మన్నులేని సేద్యమున నీటి శుద్ధి

అనంతసాగరమను పేరు వినినంతనే నీటికి కొదువలేని చోటు మనస్సునకు తోచును. ఆ పేరు వట్టిది కాదు. పెన్నా నదిపై కట్టిన సోమశిల జలాశయము ఈ మండలములోనే యున్నది. నిండుగా నున్నప్పుడు అందులో 78 టి.ఎం.సి.ల నీరు నిలుచును. అయినను నీరు పల్లమునే యెరుగును గాని మెట్ట నెరుగదు. కాలువ దిగువకు పోవును. ఎత్తున నున్న చేను, ఉదయగిరి వైపు వెలిగొండల పాదమున నున్న పల్లె, నేటికిని వానమీదను బోరుబావిమీదను ఆధారపడియే యున్నవి. జలాశయము ఇంత చేరువ నుండగా బోరులో నీరు అడుగంటుట మెట్టరైతు ఎరిగిన సంగతియే.

ఇట్టి చోట బిందెడు నీటితో రెండు బిందెల పని చేయింపవలెనను ఆలోచన పుట్టుట సహజము. ఆ ఆలోచనను కడదాక తీసికొనిపోయినది మన్నులేని సేద్యము. మొక్కలకు పెట్టగా మిగిలి కారిన నీటిని పోనీయక, పట్టి, మరల ఆ మొక్కలకే పెట్టుట అందలి విశేషము. అయితే ఈ పొదుపులో ఒక అపాయము పొంచియున్నది. ఆ అపాయమును గూర్చియు, మన పల్లెలలో సాధ్యమగు విరుగుడును గూర్చియు నేడు ముచ్చటింతము.

మన్ను లేక మొక్క యెట్లు బ్రతుకునని కొందరు శంకింతురు. మన్ను మొక్కకు చేయు ఉపకారములు నాలుగు: నిలబెట్టుట, నీరిచ్చుట, వేళ్లకు గాలి నిచ్చుట, పోషక లవణముల నిచ్చుట. ఈ నాలుగింటిని వేరొక విధమున సమకూర్చినచో మన్ను లేకున్నను మొక్క పెరుగును. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన గెరికీ 1937లో ఈ పద్ధతికి హైడ్రోపోనిక్స్ అను పేరును ప్రచారములోనికి తెచ్చెను. మన దేశమున షోల్టో డగ్లస్ అను నాతడు 1946లో కాలింపాంగునందు ప్రయోగములు ప్రారంభించి, సామాన్యులకు అందుబాటులో నుండు తీరున ఒక పద్ధతిని రూపొందించెను. దానికి బెంగాలు పద్ధతి యని పేరు వచ్చినది. తరువాతి కాలమున బెంగుళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ, పులియబెట్టిన కొబ్బరిపొట్టులో కూరగాయలు పెంచు విధానమును తీర్చిదిద్దినది.

తెలుగు రైతునకు ఇది బొత్తిగా క్రొత్త విషయము కాదు. షేడ్‌నెట్ నీడలో, గుంతలుగల ప్లాస్టిక్ ట్రేలలో, కొబ్బరిపొట్టున మిరప, టమాటా, వంగ నారు పెంచు నర్సరీలు అనేక చోట్ల వెలసినవి. ఆ నారు వేళ్లకు మన్ను తగులుట పొలమున నాటిన దినముననే. కావున ఇందు చెప్పబోవునది పాలీహౌస్ గలవారికి మాత్రమే గాక, ట్రేల క్రింద కారిన నీటిని తిరిగి వాడదలచిన ప్రతి నర్సరీవారికిని పనికివచ్చును.

ఒక లెక్క వేసి చూతము. వేయి చదరపు మీటర్ల పాలీహౌస్, అనగా సుమారు పాతిక సెంట్లు, అందులో 2500 టమాటా మొక్కలు ఉన్నవనుకొందము. ఎండ గట్టిగా నున్న దినమున కాపుమీద నున్న మొక్క రెండు లీటర్లు త్రాగిన, మొత్తము 5000 లీటర్లు. కాని త్రాగునంతయే పెట్టిన చాలదు. లవణములు వేళ్లవద్ద పేరుకొనకుండుటకై, పెట్టిన నీటిలో నూటికి ముప్పది పాళ్ల వరకు క్రిందికి కారనీయుదురు. ఆ చొప్పున దినమునకు సుమారు 7100 లీటర్లు పెట్టవలెను. 2100 లీటర్లు కారును. అది వట్టి నీరు కాదు. అందు నత్రజని, పొటాషియము, కాల్షియము మున్నగునవి కరిగియున్నవి. దానిని పారబోసినచో ఎరువుల ఖరీదును పారబోసినట్లే. పైపెచ్చు అందలి నైట్రేట్లు భూమిలో నింకి, ఆ ఊరివారు త్రాగు బోరునీటిలోనే చేరగలవు. కనుక ఆ నీటిని తొట్టికి పట్టి తిరిగి వాడుట అన్ని విధముల మేలైన పని.

ఇక అపాయము సంగతి. మన యిండ్లలో ఎంగిలి యను మాట యున్నది. ఒకరు నోటపెట్టుకొని త్రాగిన చెంబుతో మరియొకరు త్రాగబోయినచో పెద్దలు వారింతురు. ట్రేల క్రింద కారిన నీరు మొక్కల ఎంగిలి. 2500 మొక్కలలో ఒక్కదాని వేరు కుళ్లినను, ఆ కుళ్లును తాకిన నీరు తొట్టిలో చేరి, మరునాడు డ్రిప్పు గొట్టముల ద్వారా తక్కిన 2499 మొక్కల మొదళ్లకును చేరును. మన్నుగల పొలమున తెగులు మెల్లగా ప్రాకును. అక్కడక్కడ మొక్క చచ్చును. రైతునకు మేలుకొనుటకు వ్యవధి యుండును. తిరుగునీటి తోటలో ఆ వ్యవధి యుండదు.

ఈ విధముగ వ్యాపించువానిలో మొదట చెప్పదగినది పిథియమ్ అను సూక్ష్మజీవి. నారుమడిలో మొలకలు మొదలంట మెత్తబడి ఒరగిపోవు నారుకుళ్లు తెగులునకు ముఖ్యకారణము ఇదియే. దీని బీజములకు తోకలవంటి అవయవములుండుటచే అవి నీటిలో ఈదగలవు. వేళ్లు ఎచ్చట నున్నవో పసికట్టి అచ్చటికి చేరగలవు. ఇందులో ఒక జాతి వేడిమిని కోరునట్టిది. నీటి వేడిమి 30 డిగ్రీలు దాటినను విజృంభించును. అదే వేడిమిలో వేళ్ల బలము తగ్గును. ఏలయన 20 డిగ్రీల నీటిలో లీటరునకు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగియుండగా, 30 డిగ్రీల నీటిలో ఏడున్నర మిల్లీగ్రాములే నిలుచును. నెల్లూరు ఎండలలో నల్లని ప్లాస్టిక్ తొట్టిని నీడలేక నిలిపినచో, శత్రువునకు విందు చేసి, మిత్రుని పస్తుంచినట్లగును. టమాటాను వాడ్చివేయు బాక్టీరియా తెగులు, వేళ్లకు పట్టు ఫ్యుజేరియమ్ బూజు, మొజాయిక్ జాతి వైరసులు కూడ కారిన నీటితో ప్రయాణము చేయగలవు. 2014, 2015 సంవత్సరములలో ఇజ్రాయెలు, జోర్డాను దేశపు టమాటా తోటలలో మొదట గుర్తింపబడి, తరువాత అనేక దేశములకు ప్రాకిన గోధుమవర్ణపు ముడుతకాయ వైరసు ఈ జాతిదే. కాని ప్రతి తెగులునకును నీటినే నిందింపరాదు. ఆకుముడతను చేరవేయునది తెల్లదోమ. దానికి నీటి శుద్ధి మందు కాదు.

మన జిల్లా తీరమువారికి ఈ నీతి ఎరుకయే. 1994, 1995 సంవత్సరములలో తెల్లమచ్చ తెగులు రొయ్యల చెరువులను తుడిచిపెట్టినది. ఒక చెరువువారు వదలిన నీరే మరియొక చెరువువారు తోడుకొను నీరగుట ఆ వ్యాప్తికి తోడ్పడిన కారణములలో ఒకటి. నాటినుండి చెరువులోనికి నీరు పెట్టుటకు ముందు దానిని శుద్ధి చేయు వాడుక బలపడినది. కడలియొడ్డున నేర్చిన ఆ పాఠము కొండపాదమున నున్న పాలీహౌసునకును వర్తించును.

శుద్ధి యనగానేమో ముందు తేల్చుకొనవలెను. మన పూర్వులు బురదనీటి కుండలో చిల్లగింజను అరగదీసెడివారు. కొంతసేపటికి బురద అడుగునకు దిగి నీరు తేటపడెడిది. తేటపడిన నీరంతయు క్రిమిరహితము కాదు. క్రిమిరహితమైన నీరంతయు తీయని నీరు కాదు. తేటదనము వేరు, క్రిములు లేకుండుట వేరు, ఉప్పు లేకుండుట వేరు. ఒక్క యంత్రముతో ఈ మూడును సిద్ధించునని నమ్మి డబ్బు వెచ్చించువారు పిమ్మట విచారింపవలసి వచ్చును.

క్రిములను చంపు మార్గములలో అగ్ని మొదటిది. నెదర్లాండ్స్ దేశపు తోటలలో కారిన నీటిని 95 డిగ్రీలకు కాచి, 30 సెకండ్లపాటు ఆ వేడిమిలో నుంచు పద్ధతి చాలకాలముగ నున్నది. దానికి మొండి వైరసులును లొంగును. కాని వేయి లీటర్ల నీటిని 30 డిగ్రీలనుండి 95 డిగ్రీలకు తెచ్చుటకు, వేడిని తిరిగి రాబట్టు ఏర్పాటు లేనియెడల, 75 యూనిట్ల విద్యుత్తు పట్టును. అంతియేగాక ఆ నీటిని మరల చల్లార్చవలెను. చలిదేశమునకు అమరినది మన ఎండలకు భారమగును.

రెండవది అతినీలలోహిత కిరణముల దీపము. బూజులకును బాక్టీరియాకును చదరపు సెంటీమీటరునకు 100 మిల్లీజౌళ్ల మోతాదు, వైరసులకు 250 మిల్లీజౌళ్ల మోతాదు అని సామాన్యముగ చెప్పుదురు. ఈ పద్ధతిలో నీటిలో మందు మిగులదు. కాని కిరణము చొచ్చిన మేరకే పని జరుగును. కొబ్బరిపొట్టునుండి కారిన నీరు తేయాకు డికాషను రంగున నుండును. అందు కిరణము కొద్ది దూరములోనే అణగిపోవును. ఇండ్లలో మంచినీటికి వాడు దీపమును తెచ్చి ఈ నీటికి తగిలించినచో, దీపము వెలుగుచునే యుండును, తెగులు ప్రాకుచునే యుండును. ముందు వడపోత తప్పనిసరి. ఎరువులో కలిపిన ఇనుమును పట్టియుంచు చెలేటును ఈ కిరణములు విరుగగొట్టును గనుక, ఇనుమును తిరిగి సరిచూచుకొనవలెను. కరెంటు పోయిన గడియలో నీరు శుద్ధి లేకయే దాటిపోకుండ కవాటము నమర్చవలెను.

మూడవది అందరికిని తెలిసిన బ్లీచింగ్ పౌడరు. అందలి క్లోరిను పిథియమ్ వంటివాని ఈదు బీజములను చంపుటకు డ్రిప్పు చివర లీటరునకు రెండు మిల్లీగ్రాములు మిగిలియున్న చాలును. బీజములు గట్టి పెంకు కట్టుకొన్న పిదప అంత తేలికగా చావవు. పోషకద్రవములోని అమ్మోనియా, కొబ్బరిపొట్టు నలుసులు క్లోరినును ముందుగనే మ్రింగివేయును. నీటి పి.హెచ్. 6 వద్ద క్లోరిను చురుకుగా పనిచేయును. ఏడున్నర వద్ద సగము చురుకు పోవును. ఎనిమిదిన్నర వద్ద పదింట ఒక పాలే మిగులును. ఎండకు మూత తీసియుంచిన పౌడరులో ఆ సత్తువయు ఉండదు. పైగా అదే నీరు తిరుగుచుండుటచే క్లోరైడు నానాటికి పెరుగును. కావున బ్లీచింగ్ పౌడరు ట్రేలు, గొట్టములు, ఖాళీ తొట్లు కడుగుటకు మంచి సాధనము. దినదినము తిరుగు నీటికి అంత మంచిది కాదు.

ఈ సందర్భమున ఒక హెచ్చరిక. మన్నులేని సేద్యము చేయువారి గదిలో పి.హెచ్. తగ్గించుటకై నైట్రిక్ లేక ఫాస్ఫారిక్ ఆమ్లము ఉండును. ఆ గదిలోనే బ్లీచింగ్ పౌడరు నుంచరాదు. ఆమ్లము వాడిన మగ్గుతో పౌడరును తీయరాదు. రెండును కలిసినచో క్లోరిను వాయువు వెలువడి, ఊపిరి కట్టివేసి, ప్రాణముమీదకు తెచ్చును. పంట పోయిన మరల వేసికొనవచ్చును. పనివాని ప్రాణము పోయిన తిరిగి రాదు.

నాలుగవది ఇసుక వడపోత. చిన్న రైతునకు ఇదియే తగినదని మా అభిప్రాయము. ఇది మెల్లని వడపోత. 1804లో స్కాట్లాండులోని పెయిస్లీ పట్టణమున జాన్ గిబ్ అను నాతడు దీనిని నడిపెను. చెన్నపట్టణమున కీల్పాకు నీటి కర్మాగారమున 1914 నుండి ఇట్టి ఇసుకమడులు వాడుకలోనికి వచ్చినవి. మన రక్షిత మంచినీటి పథకములు గల గ్రామములలో ఫిల్టరు బెడ్లని పిలువబడునవి పెక్కుచోట్ల ఇవియే. పోషకద్రవమును సైతము ఈ ఇసుక శుద్ధి చేయగలదని జర్మనీలోని గైసెన్‌హైమునందు జరిగిన పరిశోధనలు చూపినవి. పల్లెలో నీటి ట్యాంకు చూచుకొను మనిషికి తెలిసిన విద్య పక్కనున్న పాలీహౌసునకు పనికివచ్చునన్న సంగతి చాలమందికి తోచలేదు.

ఇందు ఇసుక జల్లెడవలె మాత్రమే పనిచేయదు. రోజులు గడచుకొలది ఇసుకపైని మెత్తని జిగట పొర ఏర్పడును. ఆ పొరలోను, దాని క్రింది ఇసుకలోను మేలుచేయు సూక్ష్మజీవులు కాపురముండి, పైనుండి దిగు తెగులు బీజములను పట్టి భక్షించును. పాలు తోడుకొనుటకు రాత్రి పట్టినట్లు, ఈ పొర తోడుకొనుటకు రెండు మొదలు నాలుగు వారములు పట్టును. అది సజీవమైన పొర. ఎండిపోయినచో చచ్చును. పైనుండి క్లోరిను పోసినచో చచ్చును. నీరు నిలిచిపోయి గాలి అందకున్నను చచ్చును.

మనము వేసిన లెక్కకు ఎంత వడపోత కావలెనో చూతము. చదరపు మీటరు ఇసుక గంటకు 100 లీటర్లు వడపోయును. నాలుగడుగుల అడ్డుకొలతగల బావి ఒరలో ఇసుక వైశాల్యము ఇంచుమించు 1.17 చదరపు మీటర్లు. అనగా నిమిషమునకు రెండు లీటర్లు, రేయింబవళ్లు కలిపి 2800 లీటర్లు. దినమునకు కారు 2100 లీటర్లకు ఒక్క ఒరల వరుస చాలును. శుభ్రపరచు దినములలో పని ఆగకుండుటకై రెండవ వరుస కూడ నుంచుట మేలు.

అడుగు ఎత్తుగల ఒరలు ఎనిమిది, కాంక్రీటు అడుగుమీద ఒకదానిపై నొకటి నిలిపి, అతుకులను సిమెంటుతో పూయవలెను. క్రొత్త సిమెంటు నీటిలోనికి సున్నము వదలి పి.హెచ్. పెంచును గనుక పలుమారులు నీరు నింపి పారబోయవలెను. అడుగున చిల్లుల గొట్టము, దానిపై గులకరాళ్లు, ఆపైని సెనగగింజంత కంకర, ఆపైని ముతక ఇసుక, ఇవి యన్నియు కలిసి అడుగు మందము. వానిపై మీటరు ఎత్తున 0.15 మొదలు 0.35 మిల్లీమీటరు వరకుగల సన్నని ఇసుక. దానిపై మీటరు ఎత్తున నీరు. పెన్నా ఇసుక ముతకగా నుండును గాన జల్లెడపట్టి, కడుగునీరు తేటయగువరకు కడుగవలెను. సముద్రపు ఇసుక, గవ్వపొడి కలిసిన ఇసుక పనికిరావు. చారెడు ఇసుకపై వెనిగరు పోసినప్పుడు పొంగిన, అందు సున్నమున్నదని గుర్తు. బయటి గొట్టమును ఇసుక మట్టమునకు పైదాక లేపి పిదప దింపినచో, పంపు ఆగినను ఇసుక ఎండదు. లీటరు చెంబు నిండుటకు అరనిమిషము పట్టునట్లు కుళాయి నమర్చవలెను. తొందరపడి వేగము పెంచినచో శుద్ధి చెడును. ధార సన్నగిలినప్పుడు పైని సెంటీమీటరు, రెండు సెంటీమీటర్ల ఇసుకను గీకి తీయవలెను.

కారిన నీటి తొట్టి, వడిసిన నీటి తొట్టి వేరువేరుగా నుండవలెను. రెంటికిని ఒకే బకెట్టు వాడిన శ్రమయంతయు వ్యర్థము. రెంటికిని మూతలుండవలెను; వెలుతురు తగిలినచో పాచి పట్టును.

ఈ వడపోతకును హద్దు లున్నవి. పిథియమ్, ఫైటాప్తొరా జాతులను ఇది బాగుగా ఆపును. ఫ్యుజేరియమును, వైరసులను, నులిపురుగులను కొంతవరకే ఆపును. నారు పెంచువారికిని, ఆకుకూరలవారికిని ఇది సామాన్యముగ చాలును. వైరసు భయముగల టమాటా తోటవారు ఇసుక తరువాత అతినీలలోహిత దీపమును పెట్టవచ్చును. అప్పటికి నీటిలోని నలుసులు పోయి దీపమునకు పని తేలికయగును. ఇసుక ముందు, దీపము తరువాత అను వరుస తప్పరాదు.

ఇక మిగిలినది ఉప్పు. ఇసుకయు, దీపమును, క్లోరినును ఉప్పును ముట్టవు. మన పడమటి మెట్టలలో ఇది చిన్న విషయము కాదు. నెల్లూరు జిల్లా నీటిలోని ఫ్లోరైడు ఎముకలకును పండ్లకును చేయు చెరుపును 1937లోనే వైద్యులు ప్రకటించిరి. ఆ ఫ్లోరైడును ఈ సాధనము లేవియు తీయవు. సోడియము సంగతియు అంతియే. బోరునీటిలో లీటరునకు 50 మిల్లీగ్రాముల సోడియమున్నదనుకొందము. మొక్కలు త్రాగు 5000 లీటర్లతో దినమునకు 250 గ్రాములు తోటలోనికి వచ్చును. మొక్కలు నీటిని పీల్చుకొనును గాని సోడియమును కొద్దిగానే పుచ్చుకొనును. ఏమియు పుచ్చుకొనలేదనుకొన్నచో నెలకు ఏడున్నర కిలోలు పోగగును. తిరుగునీటి తోట ఈ విధముగా చిన్న ఉప్పుకయ్యగా మారగలదు.

వెలిగొండలకు పడమట కడప జిల్లాలో పోరుమామిళ్ల చెరువున్నది. దాని పేరు అనంతరాజసాగరము. 1369 నాటి దాని శాసనమున మంచి చెరువునకు కావలసిన పన్నెండు అంగములును, వర్జింపవలసిన ఆరు దోషములును చెప్పబడినవి. తీయని నీటి నది యుండుట ఆ అంగములలో ఒకటి. చవిటి నేల ఆ దోషములలో ఒకటి. ఆరువందల ఏండ్లకు పూర్వము చెరువు త్రవ్వినవారు చూచుకొన్న దానిని నేడు తొట్టి కట్టువారు చూచుకొనకుండుట తగదు.

దీనికి విరుగుడు మన తలమీదనే యున్నది. వేయి చదరపు మీటర్ల పాలీహౌస్ కప్పుపై ఒక్క మిల్లీమీటరు వాన పడినచో వేయి లీటర్లు. ఈశాన్య ఋతుపవనములలో నూరు మిల్లీమీటర్లు కురిసినచో లక్ష లీటర్లు, అనగా ఇరువది దినముల త్రాగునీరు. వాననీటిలో సోడియము లేదనవచ్చును. దానిని పట్టి బోరునీటిలో కలిపిన ఉప్పు పేరుకొనుట మందగించును. అప్పటికిని ఉప్పు మీరినచో, కారిన నీటిలో కొంత భాగమును కొబ్బరి చెట్లకో పశుగ్రాసమునకో మళ్లింపవలెను. అన్ని చుక్కలను ఎల్లకాలము త్రిప్పవచ్చుననుట భ్రమ.

పాలీహౌస్ కట్టుట సామాన్యపు ఖర్చు కాదు. సబ్సిడీ వచ్చినను, తన వంతు సొమ్మునకు రైతు అప్పు చేయవలసి వచ్చును. తొట్టిలోని కుళ్లు వారము దినములలో పంటను తీసికొనిపోయినను వాయిదా మాత్రము ఆగదు. కనుక కట్టడమునకు ముందే వేసవిలో నొకసారి, వానల పిదప నొకసారి నీటిని పరీక్ష చేయించుకొనవలెను. పరీక్షలో సోడియము, క్లోరైడు, ఫ్లోరైడు, పి.హెచ్. తప్పక చూడుమని కోరవలెను. ఒరలను మాత్రము మొక్కలు నాటుటకు నెల దినములు ముందుగనే నిలిపి, నీరు పారించుచుండవలెను. మొక్క వచ్చునాటికి ఇసుక తోడుకొని యుండవలెను.